దిండు కింద బ్రెడ్డు దాచుకునే సవ్తా: మతిమరుపా, పిసినారితనమా, మన మీద అనుమానమా?

చెల్లీ, నువ్వు అడిగింది ఇక్కడ పనిచేసే ఇంకా చాలామందికి పనికొస్తుంది, అందుకని వాళ్లకి అర్థమయ్యేలా ముందు నీ ప్రశ్న క్లుప్తంగా చెప్తా. జగిత్యాల నుంచి ఈమధ్యే ఇజ్రాయెల్ వచ్చి, హైఫాలో 89 ఏళ్ల సవ్తాని, అంటే అమ్మమ్మగారిని చూసుకునే పనిలో చేరావు. ఆవిడ పుట్టింది చెర్నోవిట్స్‌లో. రోజూ తినడం అయ్యాక ఒక బ్రెడ్డు ముక్క న్యాప్కిన్‌లో చుట్టి దిండు కింద పెట్టుకుంటారు. వారం నుంచి ఫ్రిజ్‌లో ఉన్న కూర నువ్వు చెత్తబుట్టలో వేస్తే పెద్ద గొడవ చేసి రెండు రోజులు నీతో మాట్లాడలేదు. అదే మనిషి నువ్వు కడుపు నిండా తిన్నాక కూడా ఇంకొంచెం తిను, ఇంకొంచెం తిను అని నీ ప్రాణం తీస్తారు. ఇది మతిమరుపు జబ్బా, పిసినారితనమా, లేకపోతే ఈ పనమ్మాయి నా తిండి తినేస్తుందని అనుమానమా అని అడిగావు.

చాలావరకు మూడూ కాదు. చిన్నతనంలో ఆకలికి మనుషులు చచ్చిపోవడం కళ్లారా చూసిన తరం మనిషి ఆవిడ. అలాంటివాళ్లకి బ్రెడ్డు అంటే రేపటికి గ్యారంటీ. దాచుకోవడం, పారేయనివ్వకపోవడం, ఎదుటివాళ్లకి కుక్కి కుక్కి పెట్టడం ఈ మూడూ ఒకే భయం నుంచి వచ్చినవి. పిసినారి అయితే నీకు అంత బలవంతంగా వడ్డించరు కదా, అది ఒక్కటి ఆలోచించు చాలు. నువ్వు చేయాల్సింది: ఆవిడ కళ్లముందు తిండి పారేయకు, దిండు కింద బ్రెడ్డు పూర్తిగా తీసేయకు, ఆవిడకి అందేంత దూరంలో ఎప్పుడూ ఏదో ఒకటి తినేది ఉండనివ్వు. చాలా గొడవలు దీంతోనే తగ్గిపోతాయి. ఎందుకో, ఎక్కడ జాగ్రత్తపడాలో కింద రాస్తున్నా, కొంచెం పొడుగవుద్ది.

నేను ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నా, ఎక్కువగా యూరప్ నుంచి వచ్చిన ముసలాళ్ల ఇళ్లలోనే చేశా. కొత్తగా ఏ ఇంట్లో చేరినా మందుల లిస్టు కంటే ముందు నేను కనుక్కునేది ఒకటే, పుట్టింది ఎక్కడ, రెండో ప్రపంచ యుద్ధం టైములో ఉన్నది ఎక్కడ అని. మనకి హోలోకాస్ట్ అంటే, అదే హిట్లర్ నాజీలు యూదుల్ని ఊచకోత కోయడం అంటే, ఆష్విట్స్ క్యాంపు ఒక్కటే గుర్తొస్తుంది, చేతి మీద నంబర్ ఉంటేనే కష్టపడినట్టు అనుకుంటాం. మీ సవ్తాకి నంబర్ ఉండదు, ఎందుకంటే ఆ ప్రాంతంవాళ్ల కథే వేరు.

లెక్క వేసుకో, 1941లో ఆవిడకి ఐదేళ్లు ఉండుంటాయి. చెర్నోవిట్స్ ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది గానీ అప్పుడు అది రొమేనియా. 1941 శరత్కాలంలో రొమేనియాని ఏలుతున్న అంటొనెస్కు ప్రభుత్వం చెర్నోవిట్స్ ఉన్న బుకోవినా, బెస్సరేబియా ప్రాంతాల యూదుల్ని డ్నీస్టర్ నది అవతలికి, ట్రాన్స్‌నిస్ట్రియా అనే చోటికి తరిమేసింది. లక్ష మందికి పైనే. అక్కడ పెద్ద గ్యాస్ చాంబర్లేం లేవు, పాడుబడిన ఇళ్లలో, పశువుల కొట్టాల్లో పడేసి తిండి సంగతి గాలికొదిలేశారు. ఒంటి మీది కోటు, వేలి ఉంగరం ఇచ్చి పల్లెటూరివాళ్ల దగ్గర కాస్త మొక్కజొన్న పిండి, నాలుగు బంగాళాదుంపలు తెచ్చుకోవాలి. ఇచ్చేందుకు ఏమీ మిగలనివాళ్లు ఆ మొదటి చలికాలంలోనే ఆకలికీ, పేల వల్ల అంటుకునే టైఫస్ జ్వరానికీ పోయారు. చెర్నోవిట్స్ మేయర్ ట్రయాన్ పొపోవిచ్ అడ్డం పడి, ఊళ్లో ఉండనిచ్చే పర్మిట్లు ఇప్పించడం వల్ల దాదాపు 20,000 మంది ఊళ్లోనే ఉండగలిగారు. కాబట్టి మీ సవ్తా నది దాటారో దాటలేదో తెలీదు. నువ్వు నేరుగా ఆవిడని అడగకు, కూతురిని మెల్లగా అడుగు.

మనవాళ్లకి ఆశ్చర్యం వేసే సంగతి ఒకటి చెప్తా. అదే ట్రాన్స్‌నిస్ట్రియాలో వప్‌నియార్కా అని ఒక క్యాంపు ఉండేది. 1942-43 చలికాలంలో అక్కడి ఖైదీలకి పశువులకి వేసే ఒకరకం బఠానీలు ఉడకబెట్టి పెట్టారు. కొన్ని వారాలకే మనుషులకి కాళ్లు పడిపోవడం మొదలైంది. అవి ఏంటో తెలుసా, మన దేశంలో 1961లో అమ్మకం నిషేధించిన కేసరి పప్పు. అది కేసరి పప్పు జబ్బే అని కనిపెట్టింది ఖైదీగా ఉన్న ఆర్థర్ కెస్లర్ అనే డాక్టర్, ఆయనదీ చెర్నోవిట్సే. తర్వాత ఆయన ఇజ్రాయెల్ వచ్చి, బతికి బయటపడ్డవాళ్లకి చాలా ఏళ్లు వైద్యం చేశాడు. ఇలాంటివి విని పెరిగిన తరం, ఎవరో వండి పెట్టింది కళ్లు మూసుకుని తినేయరు. నువ్వు వండేటప్పుడు ఆవిడ వచ్చి వెనకాల నిలబడి చూస్తారని రాశావు కదా, దాన్ని నీ మీద అనుమానం అనుకోవద్దు. చూడనివ్వు, ఉల్లిపాయ తరిగే పని చేతికివ్వు, హాయిగా కూర్చుంటారు.

ఇక దిండు సంగతి. ఆష్విట్స్‌లో రోజుకి ఇచ్చేది పొద్దున అర లీటరు నల్లటి కాఫీలాంటి నీళ్లు, మధ్యాహ్నం నీళ్ల సూపు, సాయంత్రం సుమారు 300 గ్రాముల నల్ల బ్రెడ్డు. ఆ బ్రెడ్డే మర్నాడు పొద్దుటికి కూడా. మొత్తం ఇప్పుడే తినేయాలా, సగం దాచుకోవాలా అనేది రోజూ రాత్రి ప్రాణం మీదికొచ్చే నిర్ణయం, దాచుకుంటే ఎవరైనా కొట్టేస్తారు, అందుకే తల కింద పెట్టుకుని పడుకునేవాళ్లు. పోలండ్‌లోని వార్సా ఘెట్టోలో, అంటే యూదుల్ని గోడ కట్టి బంధించిన పేటలో, 1941లో యూదులకి రేషన్ మీద వచ్చేది రోజుకి 200 క్యాలరీలు కూడా లేదు, అంటే మనం టీలో ముంచుకుని తినే నాలుగైదు బిస్కెట్లు. గోడ సందుల్లోంచి దూరి బయటి నుంచి తిండి తెచ్చింది ఎక్కువగా చిన్న పిల్లలే. ఇంటికి అన్నం తెచ్చే పని ఏడేళ్లకే నెత్తిన పడ్డ పిల్ల, తొంభై ఏళ్లకి అది మర్చిపోతుందా?

నేను చూసుకున్న ఒక సబ్బా, అంటే తాతగారు, లెనిన్‌గ్రాడ్‌లో పుట్టినాయన. రష్యాలోని ఆ ఊరిని జర్మన్ సైన్యం చుట్టుముట్టిన ముట్టడి 872 రోజులు సాగింది, 1941 నవంబరు, డిసెంబరుల్లో పిల్లలకి రోజుకి 125 గ్రాముల బ్రెడ్డు, అందులోనూ పొట్టూ గిట్టూ కలిపింది. ఆయన క్యాంపులో లేరు, కానీ బ్రెడ్డు కోసేటప్పుడు ఇంకో అరచెయ్యి కింద పట్టేవారు, రాలిన పొడి నోట్లో వేసుకునేవారు. కొడుక్కి పెద్ద ఉద్యోగం, ఇంట్లో దేనికీ లోటు లేదు. ఆ చెయ్యి పట్టడం మాత్రం పోలేదు. ఇంకో ఇంట్లో పోలండ్ ఆవిడ సూపులో టర్నిప్ వాసనొస్తే చాలు లేచి వెళ్లిపోయేవారు, క్యాంపు సూపు వాసన అని తర్వాత మనవరాలు చెప్పింది. అంటే కష్టపడినవాళ్లందరూ అన్నీ తినేస్తారని కూడా అనుకోవద్దు, కొన్ని జన్మలో ముట్టరు. అదే మీ రొమేనియా వాళ్లలో మమలిగా, అంటే మొక్కజొన్న పిండి సంకటి, చాలామందికి ప్రాణం, కొందరికి మాత్రం చూస్తేనే కడుపులో తిప్పుద్ది. ఒకసారి కొంచెం చేసి పెట్టి మొహం చూడు, తెలిసిపోద్ది.

2004లో అమెరికాలో కొందరు పోషకాహార నిపుణులు 25 మంది హోలోకాస్ట్ బాధితుల్ని కూర్చోబెట్టి తిండి గురించి అడిగారు. వాళ్లు చెప్పినవి చూస్తే మన డ్యూటీ డైరీ చదివినట్టే ఉంటుంది. పాడైపోయింది కూడా పారేయలేకపోవడం, అవసరానికి మించి నిల్వ పెట్టుకోవడం, కొన్ని పదార్థాల మీద విపరీతమైన కోరిక, తిండి కోసం లైన్లో నిలబడలేకపోవడం, దగ్గర్లో తిండి లేకపోతే కంగారు. ఆ లైన్ సంగతి గుర్తుపెట్టుకో, ముసలాళ్లు పగలు గడిపే డే సెంటర్‌లో ప్లేటు పట్టుకుని వరసలో నిలబడమంటే మీ సవ్తా గొడవ చేయొచ్చు. నువ్వే తెచ్చి టేబుల్ మీద పెట్టు, అయిపోద్ది.

"ఇంకా తిను, ఇంకా తిను" అనేదానికి కూడా మూలం ఉంది. 1945 తర్వాత అమ్మానాన్నా అక్కాచెల్లెళ్లు అందరూ పోయి ఒంటరిగా మిగిలినవాళ్లు జర్మనీలోని శరణార్థి క్యాంపుల్లోనే వెంటవెంటనే పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. ఆ రోజుల్లో ఆ క్యాంపుల్లో జననాల రేటు ప్రపంచంలోనే బాగా ఎక్కువ. ఆ పిల్లలు బొద్దుగా ఉంటే ఆ తల్లి గెలిచినట్టు. పిల్ల అన్నం వద్దంటే ఆ తల్లికి అది మామూలు మారాం కాదు, ఆమె చూసిన దాంట్లో తినని పిల్లలు బతకలేదు. అందుకే ఆ రెండో తరంలో, అంటే ఇప్పుడు 60 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న కూతుళ్లు కొడుకుల్లో, రెండు రకాలు చూశా. ఒకళ్లు ప్లేట్లో మెతుకు వదలరు, షుగర్ వచ్చినా వదలరు, ఫ్రిజ్ తెరిస్తే సామాను మీద పడుద్ది. ఇంకొకళ్లు దానికి పూర్తి వ్యతిరేకం, జీవితమంతా డైటింగే, అమ్మ వడ్డించిందంటే చాలు యుద్ధం. శుక్రవారం రాత్రి షబ్బాత్, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం, భోజనం దగ్గర తల్లీ కూతుళ్లు ఓవెన్‌లో కాల్చే బంగాళాదుంప కూగెల్ మీద కొట్టుకుంటుంటే మధ్యలో నువ్వు దూరకు. ఆ గొడవ ఆ దుంపది కాదు.

ఈమధ్య అందరూ జీన్స్‌లోనే వచ్చేసిందంటున్నారు. న్యూయార్క్‌లో రేచల్ యెహుదా అనే ఆవిడ బృందం 2016లో బాధితుల్లో, వాళ్ల పిల్లల్లో ఒత్తిడికి సంబంధించిన ఒక జీన్ మీద మార్పులు చూశామని రాశారు. అది కొద్దిమంది మీద చేసిన స్టడీ, పైగా తిండి గురించి కాదు. నా మటుకు నాకు దానంత దూరం పోవక్కర్లేదనిపిస్తుంది. మూడు పూటలా అమ్మ ప్లేటు వైపే చూస్తూ కూర్చుంటే ఏ పిల్లకైనా అది ఒంటబడుద్ది, దానికి జీన్ ఎందుకు.

ఆకలితో ఉన్నవాళ్లకి ఒక్కసారిగా పెట్టకూడదు అనేది కూడా ఈ చరిత్రలోదే, మన పనిలో చాలా ముఖ్యం. 1945 ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ క్యాంపుని విడిపించాక కూడా అక్కడ 13,000 మందికి పైగా చనిపోయారు, ఎక్కువ రోగాలతో, కొందరు మాత్రం సైనికులు జాలిపడి ఇచ్చిన కొవ్వు మాంసం డబ్బాలు ఎండిన కడుపులు తట్టుకోలేక. అప్పుడు వాళ్లకి పెట్టి చూసినవాటిలో ఒకటి 1943 బెంగాల్ కరువులో వాడిన మిశ్రమం, పాలపొడి, పిండి, పంచదార కలిపినది. తీపి ఎక్కువై చాలామంది మింగలేకపోయారు. మన దేశపు కరువు జావ అక్కడిదాకా పోయిందంటే నాకు ఇప్పటికీ అదోలా ఉంటుంది. మీ సవ్తా జ్వరమొచ్చి నాలుగైదు రోజులు సరిగా తినకపోతే, తర్వాత కోలుకుంటున్నారు కదా అని ఒకేసారి గట్టిగా పెట్టేయకు. బాగా బలహీనంగా ఉంటే డాక్టర్ని అడిగి కొంచెం కొంచెంగా పెంచు. ఏ ముసలివాళ్లకైనా ఇదే రూలు.

యుద్ధం అయిపోయి ఇక్కడికి రాగానే కష్టం తీరిపోయిందనుకుంటావేమో, లేదు. 1949 నుంచి 1959 దాకా ఇజ్రాయెల్‌లో రేషన్ కాలం నడిచింది, ఇక్కడివాళ్లు త్సెనా అంటారు. దేశం పుట్టిన మూడున్నరేళ్లలో జనాభా రెట్టింపైంది, తిండి లేదు, డాలర్లు లేవు. గుడ్లకి కూపన్లు, గుడ్ల పొడి, గడ్డకట్టిన చేప ముక్కలు. ఇప్పుడు సూపర్ మార్కెట్‌లో నువ్వు చూసే ప్తితిం, ఆ చిన్న గుండ్రటి పాస్తా, బియ్యం దొరక్క అప్పుడు పుట్టిందే, అప్పటి ప్రధాని పేరు మీద బెన్ గురియన్ బియ్యం అని పేరు. వంకాయ వేయించి ఉల్లిపాయ కలిపి లివర్ రుచి అని పెట్టే స్ప్రెడ్ కూడా ఆ కాలంలో ఇంటింటికీ పాకిందే. రొమేనియా వాళ్లలో చాలామంది సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చారు. మీ సవ్తా పెరుగు డబ్బాలు కడిగి దాచడం, టీ బ్యాగ్ రెండోసారి వాడటం త్సెనా అలవాటే అయ్యుండొచ్చు. దానికి ఏడుపుమొహం పెట్టక్కర్లేదు, ఆ డబ్బాల గురించి నవ్వుతూ అడిగితే నవ్వుతూ చెప్తారు కూడా.

ఇక్కడ ఒక హెచ్చరిక, ప్రతిదానికీ హోలోకాస్ట్ అనేయకు. మాంసం గిన్నెలూ పాల గిన్నెలూ కలిపావని కేకలేస్తే అది భయం కాదు, కోషర్ నియమం, అంటే యూదుల తిండి నియమం, అది మతం. చేపలో బ్రెడ్డు పొడి కలిపి ఉండలు చేసే గెఫిల్టె ఫిష్, ఎముకలూ బీన్స్ బార్లీ వేసి రాత్రంతా సిమ్‌లో ఉంచే చోలెంట్, ఇవి హిట్లర్ కంటే ఎన్నో వందల ఏళ్ల ముందువి, కొంచెం చేపతో ఇంటిల్లిపాదికీ పెట్టాల్సిన పేదరికంలో ముదిరిన వంటలు. ఇరాక్ యూదులైతే కథ పూర్తిగా వేరు. 1950, 51ల్లో లక్షా ఇరవై వేల మంది దాకా ఉన్నదంతా బాగ్దాద్‌లో వదిలేసి విమానాల్లో వచ్చి గుడారాల్లో పడ్డారు. నేను చేసిన ఒక ఇరాకీ ఇంట్లో సవ్తా ఏదీ దాచేవారు కాదు గానీ ఐదుగురికి వండమంటే పదిహేను మందికి వండేవారు, గుడారంలో అతిథికి పెట్టడానికి ఏమీ లేక తల దించుకున్నానని చెప్పేవారు. వాళ్ల అంబా, ఆ మామిడికాయ ఊరగాయ, బొంబాయిలో వ్యాపారం చేసిన బాగ్దాద్ యూదుల ద్వారా మన దేశం నుంచి వెళ్లిందే, అది చూసి ఏడుపొచ్చినంత పనైంది నాకు. మన కొచ్చిన్ యూదుల ఇంట్లో పని దొరికితే మళ్లీ ఇవేవీ ఉండవు, కొబ్బరి కూర ఉంటుంది.

మతంలో కూడా కష్టాన్ని ప్లేట్లో పెట్టుకుని తినడం ఉంది. మనలో చర్చికి వెళ్లేవాళ్లకి నిర్గమకాండం తెలుసు కదా, పస్కా రోజుల్లో పులియని రొట్టె, చేదు కూరలు అదే. షబ్బాత్ టేబుల్ మీద రెండు ఖల్లా రొట్టెలు పెట్టేది ఎడారిలో శుక్రవారం రెండింతలు దొరికిన మన్నాకి, అంటే దేవుడు ఆకాశం నుంచి ఇచ్చిన ఆహారానికి, గుర్తుగా. 1944 పస్కాకి బెర్గెన్-బెల్సెన్‌లో పులియని రొట్టె దొరక్క, అక్కడి రబ్బీలు, అంటే యూదు మత గురువులు, పులిసిన రొట్టె తినే ముందు చెప్పుకోడానికి ఒక ప్రార్థన రాశారు, నీ ఆజ్ఞ పాటించాలనే ఉంది, కానీ బతకమన్నదీ నీ ఆజ్ఞే అని దాని భావం. యోమ్ కిప్పూర్, అంటే యూదుల పెద్ద ప్రాయశ్చిత్త దినం, ఉపవాసం అప్పుడు నీకిది పనికొస్తుంది. మందులు వాడే 89 ఏళ్ల మనిషి ఉంటానని పట్టుబడితే నువ్వు వాదించకు, డాక్టర్ మాట, రబ్బీ మాట కుటుంబంతోనే చెప్పించు, ప్రాణం ముఖ్యమని వాళ్ల మతమే అంటుంది. నా ఇంకో సవ్తా అయితే జీవితానికి సరిపడా ఉపవాసాలు చేసేశానని ఆ రోజు పొద్దున్నే ఆమ్లెట్ అడిగేవారు. వేసిచ్చేదాన్ని.

ఇప్పుడు పని సంగతి. దిండు కింద ముక్క రోజూ మార్చు. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు పాతది తీసి అదే సైజు తాజాది అలాగే చుట్టి పెట్టు. మెత్తది కాకుండా టోస్ట్ లాంటి పొడిది, మూత ఉన్న చిన్న డబ్బాలో పెడితే చీమలూ రావు, బూజూ పట్టదు, డబ్బా ఒప్పుకుంటే అదృష్టం. మింగడంలో ఇబ్బంది ఉంటే మాత్రం టోస్ట్ వద్దు, ఏం పెట్టాలో డాక్టర్ని అడుగు. కూరలు చిన్న డబ్బాల్లో పోసి తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టు, అసలు మిగలకుండా కొంచెమే వండు. పాడైందాన్ని ఆవిడ పడుకున్నాక నల్ల కవర్లో కట్టి బయటి డబ్బాలో వేయి. ఎండిన బ్రెడ్డు మాత్రం చెత్తలో కలపకు. మీ వీధిలో గమనించే ఉంటావు, చెత్త డబ్బాల పక్కన బ్రెడ్డు కవర్లు వేలాడుతుంటాయి, ఇక్కడ దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా బ్రెడ్డుని చెత్తలో వేయరు. నువ్వూ అలాగే వేలాడదియ్యి, ఆవిడ చూస్తుండగా చెయ్యి, నీ మీద నమ్మకం పెరుగుద్ది. నీకు వడ్డించేటప్పుడు ముందే కొంచెం తక్కువ పెట్టుకుని రెండోసారి అడిగి వేయించుకో, మొత్తం తిండి అంతే ఉంటుంది, ఆవిడకి సంతోషం.

ఇదంతా చెప్పాక కూడా ఒక్కటి చూసుకో. అలవాటు పాతదే అయితే పర్లేదు, కానీ ఈమధ్యే మొదలైతే, లేదా ఉన్నట్టుండి ఎక్కువైతే డాక్టర్‌కి చెప్పాలి. మతిమరుపు జబ్బు మొదలయ్యేటప్పుడు దగ్గరి జ్ఞాపకాలు పోయి పాతవి పైకొస్తాయి, కొందరు హీబ్రూ మర్చిపోయి చిన్నప్పటి భాషలోకి వెళ్లిపోతారు, అప్పుడు ఆవిడకి అది హైఫా కాదు, 1941 చలికాలం. రాత్రిళ్లు లేచి వంటింట్లో వెతకడం, షవర్ అంటే భయపడటం, కుక్క అరిస్తే వణకడం కలిసి వస్తే అసలు ఆలస్యం చేయొద్దు. సోషల్ వర్కర్‌ని అమ్‌ఖా గురించి అడుగు, బాధితులకీ వాళ్ల పిల్లలకీ మానసిక సాయం చేయడానికే 1987లో పెట్టిన సంస్థ అది, ఇంటికి కూడా మనిషిని పంపిస్తారు. హాస్పిటల్‌లో చేర్చాల్సి వస్తే నర్సుకి ముందే చెప్పు, పక్కన బ్రెడ్డు ముక్క ఉంచమని, ట్రే గబుక్కున లాక్కెళ్లొద్దని. టెస్టు కోసం పరగడుపున ఉంచాల్సి వస్తే ఎన్నింటికి తినొచ్చో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఆవిడ చేతికివ్వు.

కూతురితో మాట్లాడాక ఆవిడ నది దాటారో లేదో, ఈ దాచుకోవడం ఎప్పటి నుంచో కనుక్కుని కింద రాయి. షుగర్ ఉందో లేదో కూడా చెప్పు, దాన్ని బట్టి రాత్రి దిండు దగ్గర ఏం పెట్టాలో చెప్తా.